ప్రోస్టేటు క్యాన్సరు జన్యు లెక్క – అందులో మన వంతెంత?

మన సంఘం నెలవారీ సమావేశాలలో కరువు భృతి బకాయిలు, మెడికల్ రీయింబర్సుమెంటు బిల్లుల సంగతి ముగిశాక, టీ తాగే వేళ మగవారి మధ్య తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది: "మీ పి.ఎస్.ఎ. ఎంత వచ్చిందండీ?" ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ మాట మనలో చాలామందికి తెలియదు. ఇప్పుడు షుగరు, బి.పి.లతో పాటు ఇదీ మన నోటిలెక్కల్లో చేరింది. ఈ మధ్య దీనికి తోడు మరో అంకె వచ్చింది. విదేశాలలో ఉన్న పిల్లలు పంపే కాగితాలలో "జన్యు స్కోరు" అన్న పేరుతో కనబడుతున్నది. ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలేమిటి, అది ఎవరి నెత్తురులోంచి పుట్టింది, మన విషయంలో దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న సంగతులను ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తాను.

నేను వైద్యుణ్ణి కాను. ఉద్యోగ జీవితమంతా ధరల పట్టికలు, సూచీ సంఖ్యలతో గడిపినవాణ్ణి. అయితే ఈ జన్యు స్కోరు కూడా స్వభావరీత్యా ఒక సూచీ సంఖ్యే. అందుకే దాని చరిత్ర చదువుతూ ఉంటే నాకు పాత ఫైలు తిరగేసినట్లే అనిపించింది.

గ్రంథి సంగతి

ప్రోస్టేటు అనేది మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. వయసు మీద పడేకొద్దీ అది ఉబ్బడం సర్వసాధారణం. ఆ ఉబ్బు క్యాన్సరు కాదు. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవవలసి రావడం మనలో చాలామందికి ఈ ఉబ్బు వల్లనే. క్యాన్సరు వేరు. అది కొందరిలో ఏళ్ళ తరబడి ఉన్నచోటనే ఉండిపోతుంది. కొందరిలో ఎముకలకు పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఏది ఏ రకమో ముందుగా కనిపెట్టడమే మొదటినుంచీ వైద్యులకు ఉన్న చిక్కు.

ఈ క్యాన్సరు పురుష హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించాడు. ఆ హార్మోనును అణచివేస్తే వ్యాధి తగ్గుముఖం పడుతుందని చూపినందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాతిది పి.ఎస్.ఎ. ఇది ప్రోస్టేటు తయారుచేసే ఒక ప్రోటీను. 1979లో అమెరికాలోని బఫెలో నగరంలో, రాజ్‌వెల్ పార్క్ సంస్థ పరిశోధకులు దీనిని వేరుచేసి శుద్ధి చేశారు. చికిత్స పొందినవారిలో వ్యాధి తిరగబెట్టిందా అని చూడడానికి 1986లోనూ, వ్యాధిని కనిపెట్టడానికి 1994లోనూ అమెరికా ప్రభుత్వం ఈ పరీక్షను అనుమతించింది.

అయితే ఈ ప్రోటీను క్యాన్సరు వల్లనే కాదు, మామూలు ఉబ్బు వల్ల, ఇన్‌ఫెక్షను వల్ల కూడా పెరుగుతుంది. ఫలితంగా అవసరం లేని బయాప్సీలు, ప్రమాదం లేని క్యాన్సర్లకు ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. దానితో 2012లో అమెరికా నిపుణుల సంఘం ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ పరీక్ష వద్దంది. 2018లో కొంత సడలించి, 55 నుంచి 69 ఏళ్ళ మధ్యవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని, 70 దాటినవారికి మామూలుగా చేయవద్దని చెప్పింది. అంటే పరీక్ష చేతిలో ఉంది గాని, ఎవరికి చేయాలన్నది తేలలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెబుతానంటూ వచ్చినదే జన్యు స్కోరు.

వంశంలో ఉన్నదా?

తండ్రికో అన్నదమ్ములకో ఈ వ్యాధి వస్తే మిగతావారికి ముప్పు ఎక్కువన్నది వైద్యులు చాలాకాలంగా గమనించిన విషయమే. 1990 దశకంలో శాస్త్రజ్ఞులు దీనికి కారణమైన ఒకే ఒక్క జన్యువు కోసం వెతికారు. 1996లో మొదటి క్రోమోజోము మీద ఒకచోట దొరికిందన్న ప్రకటన కూడా వచ్చింది. కాని ఒక్క దొంగను పట్టుకుంటే కేసు ముగుస్తుందన్న ఆశ నెరవేరలేదు. 1995లో కనుగొన్న బి.ఆర్.సి.ఎ.-2 వంటి బలమైన జన్యులోపాలు కొన్ని కుటుంబాలలో ఉన్నమాట నిజమే. ఆడవారిలో రొమ్ము క్యాన్సరుకు దారితీసే ఆ లోపమే మగవారిలో ప్రోస్టేటు క్యాన్సరు ముప్పునూ పెంచుతుంది. కాని రోగులలో ఎక్కువమందికి అటువంటి లోపమేదీ లేదు.

2000 సంవత్సరంలో స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాలలోని 44,788 జంటల కవలల రికార్డులు పరిశీలించి ఒక లెక్క తేల్చారు. ప్రోస్టేటు క్యాన్సరు విషయంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ముప్పు తేడాలో 42 శాతం వంశపారంపర్యానిదే అన్నారు. దీని అర్థం రోగి కొడుకులలో నూటికి 42 మందికి వ్యాధి వస్తుందని కాదు. తేడాలకు ఉన్న కారణాలన్నిటిలో పుట్టుకతో వచ్చిన దాని వాటా అంత అని. అంటే వంశం పాత్ర పెద్దదే, కాని ఒక్క జన్యువులో లేదు. ఎన్నో చోట్ల చిన్నచిన్న మొత్తాలుగా చెల్లాచెదురుగా ఉన్నది.

స్కోరు ఎలా కడతారు?

మనిషి జన్యు సంపద మొత్తం సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం. ఏ ఇద్దరి పుస్తకాలను పోల్చినా దాదాపు అంతా ఒకటే. అక్కడక్కడ మాత్రం ఒక అక్షరం తేడా ఉంటుంది. వేలాది రోగులనూ, రోగం లేని వేలాది మందినీ తీసుకుని, లక్షల చోట్ల అక్షరాలు పోల్చి చూస్తారు. రోగులలో ఏ అక్షరం ఎక్కువగా కనబడితే దానికి కొంత భారం వేస్తారు. ఒక మనిషిలో అటువంటి అక్షరాలన్నిటి భారాలనూ కూడితే వచ్చేదే స్కోరు.

మన కరువు భృతి లెక్క తెలిసినవారికి ఇది కొత్త కాదు. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీలో బియ్యానికి ఇంత, పప్పుకు ఇంత, ఇంటి అద్దెకు ఇంత అని భారాలుంటాయి. ఆ భారాలు ఎవరి ఇంటి ఖర్చులు చూసి వేశారో వారికి ఆ సూచీ బాగా సరిపోతుంది. మందులకే నెలకు వేలు పోసే పెన్షనరు ఖర్చు కార్మిక కుటుంబం ఖర్చులో కనబడదని మనం ఎన్నో ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నాం. కూడికలో తప్పు లేదు. ఇల్లు మనది కాదు, అంతే. జన్యు స్కోరు చరిత్రలో జరిగినదీ అచ్చంగా ఇదే.

ఐస్‌లాండు నుంచి మొదలు

2006లో ఐస్‌లాండు రాజధాని రెయిక్యవిక్‌లోని డీకోడ్ సంస్థ పరిశోధకులు ఎనిమిదవ క్రోమోజోము మీద ఒకచోట ప్రోస్టేటు క్యాన్సరుతో ముడిపడిన తేడాను కనుగొన్నారు. అదే ఏడాది అమెరికాలో డేవిడ్ రైక్ బృందం వేరే దారిన అదే చోటికి చేరింది. వారు చూసినది ఆఫ్రికన్ అమెరికన్ రోగులను. ఆఫ్రికా నుంచీ ఐరోపా నుంచీ కలిసి వచ్చిన వారి వారసత్వంలో, ఈ చోట మాత్రం రోగులలో ఆఫ్రికా వాటా ఎక్కువగా ఉన్నదని గమనించారు. రెండు వేర్వేరు జనాలు, రెండు వేర్వేరు పద్ధతులు, ఒకే చిరునామా. ఇతర జనాలను లెక్కలోకి తీసుకోవడం దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదనీ, శాస్త్రానికే లాభమనీ మొదటిరోజే రుజువయింది.

2008 జనవరిలో స్వీడన్ రోగులపై వెలువడిన వ్యాసం స్కోరు ఆలోచనకు ఊపు తెచ్చింది. అయిదు చోట్ల అక్షరాలనూ, కుటుంబ చరిత్రనూ కలిపి చూశారు. ఒక్కొక్కటి విడిగా స్వల్పమే. కాని వీటిలో అయిదు, అంతకు మించి ఉన్నవారికి, ఏవీ లేనివారితో పోలిస్తే, వ్యాధి అవకాశం తొమ్మిది రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది.

ఇక్కడినుంచి అక్షరాల జాబితా ఏటేటా పెరుగుతూ వచ్చింది. 2018లో వెలువడిన పెద్ద అధ్యయనం 1,40,000 మందికి పైగా మగవారి వివరాలతో మరి 63 కొత్త చోట్లను చేర్చింది. ఆ లక్షా నలభై వేలమందీ ఐరోపా సంతతివారే. ఇది ఒక్క ఈ వ్యాధి కథ కాదు. 2009 నాటికి ప్రపంచంలో ఇటువంటి జన్యు అధ్యయనాలలో పాల్గొన్నవారిలో 96 శాతం ఐరోపా సంతతివారు. 2016లో మళ్ళీ లెక్కిస్తే 81 శాతం. ప్రపంచ జనాభాలో మాత్రం వారు 16 శాతమే.

రావిచెట్టు పక్కిల్లు

అయితే ఏమిటి, మనుషులందరి పుస్తకమూ ఒకటే కదా అని మీరడగవచ్చు. చిక్కు ఇక్కడున్నది. అధ్యయనంలో దొరికే అక్షరం చాలాసార్లు అసలు దోషి కాదు, దోషి పక్కన ఉండే గుర్తు మాత్రమే. ఒక ఊళ్ళో "రావిచెట్టు పక్కిల్లు" అంటే మనం వెతికే మనిషి ఇల్లు. అదే గుర్తు పట్టుకుని మరో ఊరికి వెళితే అక్కడా రావిచెట్టు ఉంటుంది. పక్కింట్లో ఉండేది మాత్రం వేరెవరో. తరతరాల వలసలతో, వివాహాలతో గుర్తుకూ దోషికీ మధ్య పొరుగు సంబంధం ఒక్కో జనంలో ఒక్కో విధంగా ఏర్పడింది.

రెండో చిక్కు, కొన్ని అక్షరాలు కొన్ని జనాలలోనే ఉంటాయి. ఇందాక చెప్పిన ఎనిమిదవ క్రోమోజోము చోటనే ముప్పును బాగా పెంచే ఒక తేడా దాదాపు ఆఫ్రికా సంతతిలోనే కనబడుతుంది. ఐరోపావారిని ఎన్ని లక్షలమందిని చూసినా అది దొరకదు. 2012లో కనుగొన్న హాక్స్-బి-13 అనే జన్యువులోని తేడా ఇందుకు విరుద్ధం. అది ముఖ్యంగా ఉత్తర ఐరోపా సంతతిది.

రిజిస్టరు పెరిగిన తీరు

ఈ లోటు తీర్చడానికి పునాది వేసినవారిలో హవాయిలోని లారెన్స్ కొలొనెల్, లాస్ ఏంజెలెస్‌లోని బ్రయన్ హెండర్సన్ ముఖ్యులు. వారు 1993 నుంచి 1996 వరకు ఆఫ్రికన్ అమెరికన్లు, జపాన్ సంతతివారు, లాటినోలు, హవాయి స్థానికులు, తెల్లవారు కలిపి 2,15,000 మందికి పైగా స్త్రీ పురుషులను ఒక దీర్ఘకాల అధ్యయనంలో చేర్చారు. ఫలితం వెంటనే వచ్చే పని కాదు. రిజిస్టరు తెరిచిన పాతికేళ్ళకు గాని అసలు పంట చేతికి రాలేదు.

2021లో ఐరోపా, ఆఫ్రికా, తూర్పు ఆసియా, హిస్పానిక్ సంతతులకు చెందిన 1,07,247 మంది రోగులనూ, 1,27,006 మంది ఇతరులనూ కలిపి చూసిన ఫలితాలు వెలువడ్డాయి. ముప్పు అక్షరాల సంఖ్య 269కి చేరింది. స్కోరులో పై పది శాతంలో ఉన్నవారికి, మధ్యలో ఉన్నవారితో పోలిస్తే, ఐరోపా సంతతిలో అయిదు రెట్లు, ఆఫ్రికా సంతతిలో మూడు ముప్పావు రెట్లు ముప్పు కనిపించింది. 2023లో రోగులు 1,56,319, ఇతరులు 7,88,443 అయ్యారు; అక్షరాలు 451 అయ్యాయి. ఐరోపాయేతర రోగుల సంఖ్య అంతకు ముందుకన్నా 57 శాతం పెరిగింది. స్కోరు అన్ని సంతతులలోనూ పనిచేసింది గాని సమానంగా కాదు. బాగా పనిచేసింది ఐరోపావారికి, తక్కువగా ఆఫ్రికావారికి. వ్యాధి భారం అందరికన్నా ఎక్కువ మోస్తున్నవారు ఆఫ్రికా సంతతివారే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇంగ్లండు లెక్కల ప్రకారం జీవితకాలంలో ఈ వ్యాధి బయటపడే అవకాశం నల్లవారిలో నలుగురిలో ఒకరికి, తెల్లవారిలో ఎనిమిది మందిలో ఒకరికి, ఆసియావారిలో 13 మందిలో ఒకరికి.

ఈ తేడాలన్నీ జన్యువులవే అనుకోరాదు. జపాన్ నుంచి అమెరికాకు వలస వెళ్ళినవారిలో ఈ వ్యాధి జపాన్‌లో ఉండిపోయినవారిలో కన్నా ఎక్కువగా కనబడిందని 1960 దశకంనాటి లెక్కలే చూపాయి. రక్తం మారలేదు, ఊరూ, తిండీ, వైద్యసదుపాయమూ మారాయి.

స్కోరును ఆసుపత్రిలో వాడి చూసిన ప్రయత్నం 2025లో బయటికి వచ్చింది. బ్రిటన్‌లో 55 నుంచి 69 ఏళ్ళవారి ఉమ్మి తీసుకుని 130 అక్షరాల స్కోరు కట్టారు. స్కోరు తేల్చిన 6,393 మందిలో పై పది శాతం స్థాయి దాటినవారు 745 మంది. వారిలో 468 మంది స్కానింగు, బయాప్సీ చేయించుకోగా 187 మందిలో క్యాన్సరు దొరికింది. అందులో సగానికి పైగా చికిత్స అవసరమయ్యే స్థాయివి. మెచ్చదగిన ఫలితమే. అయితే ఆ పరిశోధనలో చేరడానికి అర్హత ఐరోపా సంతతివారికే ఉన్నది. వారి కోసం కట్టిన స్కోరు కాబట్టి అది నిజాయితీ గల నిబంధనే. కాని ఆ నిబంధన అవసరమైందంటేనే పని ఎంత మిగిలి ఉన్నదో తెలుస్తుంది.

మన పేరు ఎక్కడ?

ఇందాక పేర్కొన్న డేవిడ్ రైక్‌కు హైదరాబాదుతో సంబంధం ఉంది. 2009లో ఆయన బృందమూ, మన తార్నాకలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, కె. తంగరాజ్ కలిసి భారతదేశంలోని 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువులు పరిశీలించారు. మనలో అత్యధికులం రెండు ప్రాచీన సంతతుల కలయికలమనీ, ఆ పాళ్ళు సముదాయానికీ సముదాయానికీ మారుతాయనీ తేలింది. అనేక సముదాయాలు తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఒక్కోదానికి ప్రత్యేకమైన వారసత్వ లక్షణాలు ఏర్పడ్డాయి. ఉదాహరణకు, ఆపరేషనులో కండరాలను సడలించే ఒక మందు వైశ్య సముదాయంలో కొందరికి మామూలు కన్నా చాలాసేపు వదలదని, అందుకు ఒక ఎంజైము లోపం కారణమని వైద్యులెరుగుదురు. కాబట్టి "భారతీయులు" అని ఒకే గడి గీస్తే చాలదు. "ఆసియావారు" అన్న గడి అసలే చాలదు. 2021 అధ్యయనంలో ఆసియా అంటే తూర్పు ఆసియా.

2015లో పూర్తయిన వెయ్యి జన్యుసంపుటాల పథకంలో ప్రపంచంలోని 26 జనాల నుంచి 2,504 మంది ఉన్నారు. అందులో "బ్రిటన్‌లోని తెలుగువారు" అన్న పేరుతో 102 మంది ఉండడం మనకు సంతోషకరం. ఆ పథకం అక్షరాల జాబితా మాత్రమే. ఎవరికి ఏ జబ్బు ఉన్నదీ అడగలేదు. ఓటర్ల జాబితాలో పేరెక్కింది గాని, ఓటు లెక్కలోకి రాలేదన్నమాట. 2020లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ప్రారంభించిన జీనోమ్ ఇండియా పథకంలో 10,000 మంది పూర్తి జన్యుసంపుటాలు చదివి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. ఇది గట్టి పునాది. దాని మీద రోగుల వివరాలతో గోడలు లేవాలి.

ఇదంతా మనకెందుకంటే, మన సభ్యులొకరి అనుభవం చెబుతాను. కుమారుడు విదేశం నుంచి పరీక్ష చేయించి పంపిన కాగితంలో ఆయనకు "సగటు కన్నా తక్కువ ముప్పు" అని వచ్చింది. తర్వాత మూత్రంలో రక్తపు జీర కనబడినా, స్కోరు తక్కువే కదా అని రెండు నెలలు ఊరుకున్నారు. చివరికి వారి శ్రీమతి పట్టుబట్టి డాక్టరు వద్దకు తీసుకువెళ్ళారు. రాయి వల్ల వచ్చినదని తేలింది కాబట్టి సరిపోయింది. నేను ఆ కాగితం చూశాను. స్కోరు ఏ సంతతి భారాలతో కట్టారో చివరి పేజీలో చిన్న అక్షరాలలో ఉన్నది: ఐరోపా.

నా మనవి

ప్రపంచంలో ఏటా బయటపడే ఈ క్యాన్సర్లు 2020లో 14 లక్షలుండగా, 2040 నాటికి 29 లక్షలవుతాయని 2024లో లాన్సెట్ కమిషను అంచనా వేసింది. ఆయుర్దాయం పెరుగుతున్న మన దేశానికీ ఆ భారం తప్పదు. అందుచేత సభ్యులకూ, కుటుంబ సభ్యులకూ నాలుగు మాటలు.

మూత్రంలో రక్తం, ధారలో ఇబ్బంది, తగ్గని నడుము నొప్పి ఉంటే ఏ స్కోరూ చూడకుండా డాక్టరు వద్దకు వెళ్ళండి. పి.ఎస్.ఎ. చేయించుకోవాలా వద్దా అన్నది వయసు, ఆరోగ్యం చెప్పి వారితోనే తేల్చుకోండి. పిల్లలు జన్యు స్కోరు కాగితం పంపితే, అది ఏ జనం లెక్కతో కట్టినదో ముందు అడగండి. తక్కువ వస్తే ధీమా వద్దు, ఎక్కువ వస్తే దిగులు వద్దు.

మూడవది, ఏ ప్రయోగశాల అక్కరలేకుండా మన చేతిలో ఉన్నది కుటుంబ చరిత్ర. తండ్రి, పెదనాన్న, చిన్నాన్న, మేనమామలలో ఎవరికి ఈ వ్యాధి వచ్చింది, ఏ వయసులో వచ్చింది, తల్లికీ అక్కచెల్లెళ్ళకూ రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా అన్నది ఒక కాగితం మీద రాసి కొడుకులకూ కూతుళ్ళకూ ఇవ్వండి. మన తరంలో ఇటువంటి జబ్బులు దాచుకోవడం మర్యాద అనుకున్నారు. ఆ మర్యాద వల్ల పిల్లలకు మేలు లేదు.

నాలుగవది, గుర్తింపు ఉన్న సంస్థలవారు సరైన వివరాలు చెప్పి, రాతపూర్వకంగా అనుమతి అడిగి, పరిశోధన కోసం రక్తమో ఉమ్మియో కోరితే వెంటనే కాదనకండి. వివరాలు గోప్యంగా ఉంచుతారా అని అడిగి, ఇంట్లో ఆలోచించి చెప్పండి. దాని ఫలితం మనకు అందకపోవచ్చు. హవాయి, లాస్ ఏంజెలెస్‌లలో 1993లో పేర్లు రాయించుకున్న పెద్దలలో ఎంతమందో 2021 ఫలితం చూడకుండానే వెళ్ళిపోయి ఉంటారు. వారు రాయించుకున్నందువల్లనే వారి మనుమలకు ఒక లెక్క ఏర్పడింది. మన మనుమల లెక్క మనతోనే మొదలు కావాలి.